నీలం నీళ్ళలో చుక్క

ఇక్కడ వరుస నిలబడేది కాదు, కూర్చునేది. కార్వాన్‌లోని ఆ ఫంక్షన్ హాల్లో గోడ పొడుగునా ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మొదటి కుర్చీలోని మనిషి లేచి బల్ల దగ్గరికి పోగానే వెనకవాళ్ళందరూ తలా ఒక కుర్చీ ముందుకు జరగాలి. రాజమణి పద్నాలుగేళ్ళుగా ఇలా జరుగుతూనే ఉంది, తన రక్తం ఇవ్వడానికి కాదు, ఇచ్చేవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని బల్ల దాకా చేర్చడానికి. చేయి పట్టుకుని తీసుకురాకపోతే రారు, వచ్చినా పక్కన ఎవరూ లేకపోతే సిగరెట్ పేరు చెప్పి జారుకుంటారు, అది ఆమెకు అనుభవం మీద తెలిసిన సంగతి. ఇవాళ ఆమె ముందు కుర్చీలో ఉన్నది తమ్ముడి కూతురు వర్షిత. వర్షితకు ముందు ఇంకా తొమ్మిది మంది. ఆ తొమ్మిది మందీ అయ్యాక వర్షిత వేలు పొడుస్తారు, గాజు గ్లాసులోని నీలం నీళ్ళలో ఒక చుక్క వేస్తారు, రక్తం చిక్కగా ఉంటే ఆ చుక్క మునుగుతుంది, పలచనైతే తేలుతుంది. మునగాలి, తల్లీ మునగాలి అని రాజమణి పొద్దుటి నుంచి మొక్కుకుంటోంది, ఏ దేవతకు మొక్కుతోందో కూడా చూసుకోకుండా. వచ్చే శుక్రవారం వర్షితకూ రాజమణి పెద్దకొడుకు నిఖిలేష్‌కూ పూలుపండ్లు, పెళ్ళి ఖాయం చేసుకునే రోజు.

అసలు ఈ పిల్ల వస్తుందని ఆమె అనుకోలేదు. తమ్ముడు వైకుంఠం ఒక్కడే వస్తాడనుకుంది. వైకుంఠానికి ఫలక్‌నుమాలో పిండి గిర్నీ ఉంది, ఆదివారం పొద్దున దాన్ని వదిలి రావడమంటే మాటలు కాదు, అయినా మూడు నెలలకొకసారి తప్పకుండా వస్తాడు, కనుబొమ్మల మీది జొన్నపిండి తుడుచుకోకుండానే వచ్చి చేయి చాపి పడుకుంటాడు. ఇవాళ బండి ఆగగానే వెనక సీటు మీంచి వర్షిత దిగింది. "ఇయ్యాల ఇది గూడ ఇస్తదట అక్కా. ఎట్లయినా నీ ఇంటికే వస్తది గద, ఇప్పటిసంది షురూ చెయ్యనీ," అన్నాడు వైకుంఠం, పిల్ల ఏదో పరీక్షలో నెగ్గినంత గర్వంగా. రాజమణి గుండె జారింది, ముఖం నవ్వింది, రెండూ ఒకేసారి చేయడం ఆమెకు ఎప్పుడో అలవడింది. వద్దు అనవచ్చు. వద్దంటే ఎందుకో చెప్పాలి, ఎందుకో చెప్పాలంటే ఎనిమిదేళ్ళ కిందటి నుంచి మొదలుపెట్టాలి, అంత ఓపిక ఎక్కడుంది. నాలుగింటికి లేచి ఆరు బర్రెల పాలు పితికి, చిన్నకొడుకు చింటూకు మాత్ర నీళ్ళలో కరగబెట్టి తాగించి, వాడు కక్కుకుంటే మళ్ళీ కరగబెట్టి, వచ్చేవాళ్ళకు మళ్ళీ మళ్ళీ ఫోన్లు చేసి, ఇప్పుడు కుర్చీలో కూర్చుంటే వీపు దానికి అతుక్కుపోయి ఇక లేవనంటోంది. రాజమణీ, నువ్వు ఇక్కడే ఉండు, మిగతాది మేం చూసుకుంటాం అని ఎవరైనా అంటే ఎంత బాగుండును. ఎవరూ అనరు. ముందు ఒకరు లేచారు, అందరూ జరిగారు, ఆమె కూడా జరిగింది.

అడగడం. ఈ పద్నాలుగేళ్ళలో ఆమె నేర్చిన విద్య ఏదైనా ఉందంటే అదొక్కటే. అడగందే అమ్మయినా పెట్టదంటారు, నిజమే, కానీ ఎన్నిసార్లు అడిగితే అమ్మకైనా విసుగు పుడుతుందో ఆ సామెత కట్టినవాళ్ళు చెప్పలేదు. చింటూకు తలసేమియా. వాడి ఒంట్లో రక్తం నిలవదు, ఇరవై రోజులకొకసారి ఎవరిదో ఒకరిది ఎక్కించాలి, ఎనిమిదో నెల పసివాడప్పటి నుంచీ అంతే, ఇప్పుడు వాడికి పదిహేను, చూస్తే పదేళ్ళ పిల్లాడిలా ఉంటాడు. ఆమె ఫోన్లో పేర్లు ఉత్త పేర్లుగా లేవు, వైకుంఠం బి పాజిటివ్ ఏప్రిల్, ఆటో బాబురావు ఓ పాజిటివ్ జూన్, ఇలా గ్రూపుతో, మళ్ళీ ఇవ్వాల్సిన నెలతో ఉంటాయి. పెళ్ళికి పోతే పెళ్ళికొడుకును చూడదు, దిట్టంగా ఉన్న మనుషులను చూస్తుంది, ఈయన బరువు సరిపోతుంది, ఈయనకు షుగర్ ఉన్నట్టుంది అని. ఆమె కనబడగానే చుట్టాలకు ఒక్కసారిగా బగారన్నం మీదికి ఆకలి పుట్టుకొస్తుంది. ఫోన్ చేస్తే పిల్లలు ఎత్తి నాన్న ఊళ్ళో లేడంటారు, వెనకాల నాన్న దగ్గు వినబడుతుంది. తప్పు పట్టదు, ఎన్నిసార్లని ఇస్తారు. రంజాన్ నెలంతా బస్తీ కుర్రాళ్ళు ఉపవాసాల్లో ఉంటారు, వాళ్ళు ఇవ్వకపోతే బ్లడ్ బ్యాంకులో నిల్వ అడుగంటుతుంది, ఆ వెనకే ఎండలు, కాలేజీలకు సెలవులు. పోయిన మంగళవారం చింటూను తీసుకుపోతే రక్తం లేదు, వారం ఆగి రమ్మన్నారు. తిరిగి వస్తూ ఆటోలో వాడు ఆమె భుజం మీద తల పెట్టి, "ఫికర్ చెయ్యకమ్మా, నాకేం అయితలేదు," అన్నాడు, పెదవులు సున్నం రాసినట్టున్నాయి. అందుకే ఈ క్యాంపు. పండుగ కాగానే పెట్టించమని, బస్తీ కుర్రాళ్ళను కూడగట్టే ఖదీర్ భాయ్‌ని బతిమాలింది. అదిగో ఆయన, చేతిలో చాయ్ కప్పులతో, ఇక్కడ అందరికంటే ముందు ఇచ్చి లేచిన మనిషి.

"ఆపా, చాయ్ పీలేవ్ జరా. సుబే సే ఐసేచ్ బైఠే."

"నాకొద్దు భాయ్, ఇచ్చెటోళ్ళకు ఇయ్యి."

పొద్దుటి నుంచి ఇలాగే కూర్చున్నావు కదా అన్నట్టు ఖదీర్ భాయ్ కప్పు ఆమె చేతిలో పెట్టే వెళ్ళాడు. వేడి చేతికి తగులుతుంటే తాగాలని మర్చిపోయి అలాగే పట్టుకుంది. చింటూ ఒంట్లో ఈయనది కూడా ఉంటుంది, ఎంతో కొంత. ఆటో నడిపేవాళ్ళది, ట్రాఫిక్ కానిస్టేబుల్‌ది, మలక్‌పేట నుంచి వచ్చే కాలేజీ పిల్లలది, పేరు కూడా తెలియని వాళ్ళది. బయటి రక్తం. ఆ మాట అత్త సుశీలమ్మది. అత్త అంటే ఆమె రెండు రకాలా అత్తే, రాజమణి నాన్నకు సొంత అక్క, రాజమణి మొగుడు రవీందర్‌కు తల్లి. "బయటి పిల్ల ఎట్లుంటదో ఏం కథో. మన రక్తమైతే మనకు ఫికరుండది," అని పుస్తెలు పడకముందే పదిమందిలో చెప్పింది, పదిమందీ తలాడించారు, ఇరవై ఏళ్ళ రాజమణి కూడా తలాడించింది, బావను చిన్నప్పటి నుంచీ ఎరుగును, ఎవరింటికో పోయి కొత్త వంటగదిలో ఉప్పు డబ్బా వెతుక్కునే బాధ లేదు. మేనరికంలో ఉన్న సుఖమంతా అదే కదా, తెలిసిన గడప. నిఖిలేష్ పుట్టాడు, గుండులా ఉన్నాడు. పదేళ్ళ తర్వాత చింటూ. పాలు తాగే పిల్లవాడు రోజురోజుకూ తెల్లబడుతుంటే దిష్టి అన్నారు, కామెర్లన్నారు, పసరు పోయించారు. చివరికి డాక్టరమ్మ ఒక కాగితం మీద నాలుగు సున్నాలు చుట్టి, మీ ఇద్దరిలోనూ జబ్బు కొంచెం కొంచెం దాక్కుని ఉందమ్మా, మీకేమీ కాదు, రెండూ కలిసి బిడ్డకొస్తే మాత్రం ఇలా అవుతుంది, నాలుగింట ఒకటి అంది. నలుగురు పిల్లలుంటే ఒకరికి అని కాదు, ప్రతి కాన్పూ కొత్త పందెమే. పడుచుతనంలో మలక్‌పేట గుర్రప్పందేల మీద డబ్బు తగలేసిన మనిషి కాబట్టి రవీందర్‌కు అక్కడికక్కడే అర్థమైంది, ఆమెకు ఏడాది పట్టింది. మన రక్తమైతే ఫికరుండదన్న సుశీలమ్మ, ఎవరింట్లోనూ మంచినీళ్ళు ముట్టని సుశీలమ్మ, మొదట్లో ఎవలది ఎక్కించిన్రు అని అడిగేది, తర్వాత్తర్వాత దొరికిందా అని మాత్రమే అడగడం నేర్చుకుంది.

కన్నతల్లి ఉండగా ఇతరులనెందుకు అడగాలని మొదటి క్యాంపులో తనే కూర్చుంది రాజమణి. చుక్క నీళ్ళ మీదే నిలబడిపోయింది. పోయి బలంగా తిని రమ్మన్నారు. మూడు నెలలు బీట్‌రూట్, ఖర్జూరం, నువ్వులుండలు, ఐరన్ మాత్రలు, ఇంట్లో ఎవరికీ బీట్‌రూట్ పేరు చెబితే పడని గతి పట్టింది గానీ ఆమె చుక్క మాత్రం మునగలేదు. నాలుగోసారికి, బల్ల దగ్గర చుక్కలు వేసే విమలాదేవి జాలిపడి, "నీ చుక్క ఎన్నడు మునగదమ్మా, నీ లోపల ఉన్నదే గది. తినుడు బంద్ చేసి మనుషుల్ని తీస్కరా," అంది. బిడ్డకు జబ్బు ఇవ్వడానికి పనికొచ్చిన రక్తం, మందుగా ఇవ్వడానికి పనికిరాలేదు. ఆ రోజు ఇంటికి పోయి బర్రెల కొట్టంలో కూర్చుని ఏడ్చింది, మళ్ళీ పాలు పితికే వేళైతే లేచింది. అప్పటి నుంచి మనుషులను తెస్తోంది.

ఆరుగురే ఉన్నారు ముందు. ఒకతను బరువు తూచే చోట చెప్పులు విప్పాలా అని అడుగుతున్నాడు, అడుగు నాయనా, నిదానంగా అడుగు, ఇవాళ ఈ వరుస ఎంత మెల్లగా నడిస్తే అంత మంచిది. ఎనిమిదేళ్ళ కింద కూడా ఇలాగే ఒక ఎండాకాలం, డాక్టరమ్మ ఫైలు తిప్పుతూ, "మీ పెద్దబ్బాయికి, మీ తమ్ముడికి, వాళ్ళ పిల్లలకు అందరికీ పరీక్ష చేయించారా? మీలో మేనరికాలు చేసుకుంటారు కదా, ముందే తెలియాలి," అంది. "చేయించినం మేడం, ఎవ్వలకు లేదు," అంది రాజమణి. నాలుక తడబడలేదు. అప్పుడు వైకుంఠం బయట బెంచీ మీద, మోచేతి మడతలో దూది పెట్టుకుని కూర్చున్నాడు, అప్పుడే ఇచ్చి లేచాడు. రక్తం ఇవ్వడానికి వచ్చిన మనిషిని పట్టుకుని, నీ రక్తంలోనే జబ్బు ఉందేమో చూపించుకో అంటే ఇంకోసారి వస్తాడా, వాడు వస్తానన్నా వాడి పెళ్ళాం రానిస్తుందా. వాడి బావమరుదులు, గిర్నీ పక్క దుకాణాలవాళ్ళు, అందరూ వాడి మాట మీదే వస్తారు, ఏడాదికి ఇరవై బాటిళ్ళు. ఇప్పుడవి సంచులే గానీ అందరూ బాటిల్ అనే అంటారు. ఒక్క నిజానికి ఇరవై బాటిళ్ళు పోతాయి. అబద్ధం చెప్పింది, చింటూ బతికాడు. అది తప్పా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పేదో, ఎవరూ అడగలేదు. నిఖిలేష్‌కు మాత్రం గుట్టుగా చేయించింది. ఉందన్నారు, తనలాగే, రవీందర్‌లాగే, దాక్కున్నది. అన్నం పెడుతూ, "నీకు గూడ జరంత ఉన్నదట, నీకేం గాదట," అంటే వాడు సరే అని పెరుగు వేయమన్నాడు. రవీందర్, "ఎవ్వలకు చెప్పకు, పిల్లనియ్యరు," అన్నాడు. ఆ కాగితం చింటూ ఫైలు అడుగున ఉంది. అప్పటికి వర్షిత రెండు జడల పిల్ల, నిఖిలేష్‌కు బయటి సంబంధమే చేద్దాం, అప్పుడు గండం ఉండదు అనుకుంది. ఆ ఇద్దరూ ఫోన్లు మాట్లాడుకోవడం ఎప్పుడు మొదలుపెట్టారో పాలు పితికే మనిషికేం తెలుస్తుంది. పోయిన నెల వైకుంఠమే పండ్ల సంచీతో వచ్చి, "పోరలిద్దరికి ఇష్టమే ఉన్నదక్కా. నీ ఇంట్లయితే నా బిడ్డ గురించి నాకు ఫికరుండది," అన్నాడు. అచ్చంగా అత్త మాట. చెప్పాల్సిన సమయం ఆ మాటకూ చాయ్‌కీ మధ్యే ఉండింది. రాజమణి లోపలికి పోయి చాయ్ పెట్టింది.

వర్షిత వెనక్కి తిరిగి ఫోన్ చూపించింది, శుక్రవారం కట్టుకోబోయే చీర, ఆకుపచ్చకు ఎర్ర అంచు. బాగున్నదమ్మ అంది రాజమణి. నిజంగానే బాగుంది. ఈ పిల్ల కూడా బాగుంది, కళ్ళ కింద కాస్త తెలుపు, ఆ తెలుపు చూడకు, ఎండకు తిరిగొచ్చింది, ఈ కాలం పిల్లలు తిండి తినరు, తెలుపుంటే జబ్బేనా.

"అత్తా, సూది పెద్దగుంటదా?"

"ఉంటది. నువ్వు అటు మొకం తిప్పుకో."

"నిఖిల్ గూడ గదే చెప్పిండు." ఇంకోసారి చీర చూసుకుని, "నాది చింటూకే ఎక్కిస్తరా?" అని అడిగింది.

"ఎవలది ఎవలకు పోతదో తెల్వదమ్మ. ఏ పిల్లకు పోయినా ఒకటే."

వాడంటే ఈ పిల్లకు ప్రాణం. వాడికి సూది గుచ్చితే ఈమె కళ్ళు మూసుకునేది, చిన్నప్పుడు. ఇలాంటి పిల్ల తన కడుపున పుట్టినవాడికి ఇరవై రోజులకొకసారి సూది గుచ్చుతుంటే చూడాలి, ఫోన్లో పేర్ల పక్కన గ్రూపులు రాసుకోవాలి, పెళ్ళిళ్ళలో మనుషుల బరువులు అంచనా కట్టాలి, ఏ హాల్లోనో ఎర్ర కుర్చీలో కూర్చుని జరగాలి. నలుగురిలో ఒకరికే కదా. ముగ్గురు బాగుండవచ్చు. తనూ అలాగే అనుకుని ఉండేదేమో, ముందే ఎవరైనా చెప్పి ఉంటే. ఎవరూ చెప్పలేదు, అప్పుడు తెలిసినవాళ్ళు లేరు, అందుకని తను ఎవరినీ తిట్టడానికి లేదు. ఈ పిల్లకు తిట్టుకోవడానికి ఒక మనిషి ఉంటుంది. ఈ ఆలోచన వచ్చాక రాజమణికి చాయ్ కప్పు కింద పెట్టాలనిపించింది, పెట్టింది, అది చల్లబడి చాలాసేపైంది. ఇద్దరే మిగిలారు. తర్వాత ఎవరూ లేరు.

విమలాదేవి వర్షిత ఉంగరపు వేలు దూదితో తుడిచి, చటుక్కున పొడిచింది. వర్షిత అబ్బ అని నవ్వింది. గాజు గొట్టంలోకి లాగిన రక్తం నుంచి ఒక చుక్క నీలం నీళ్ళ మీద పడింది. పడి, కొంచెం దిగింది. రాజమణి ఊపిరి కూడా దానితోపాటే దిగింది. సగం దారిలో ఆగి, ఏదో మర్చిపోయినట్టు తిరిగి పైకి వచ్చింది, వచ్చి అక్కడే ఉండిపోయింది. ఇంకో చుక్క వేసింది విమలాదేవి, అదీ అంతే. "ఈసారి వద్దు బిడ్డ, రక్తం తక్కువున్నది," అని చీటీ మీద ఐరన్ మాత్రలు రాసి చేతిలో పెట్టింది, వెనకవాళ్ళను రమ్మంది. ఇంతే, రోజుకు పదిమంది ఆడపిల్లల చుక్కలు ఇలాగే తేలుతాయి, వాళ్ళలో తొమ్మిదిమందికి ఆ చీటీ చాలు. మిగిలిన ఒకరి సంగతి చుక్క చెప్పదు, వేరే పరీక్ష చెప్పాలి. ఆ మాత్రలు ఒకప్పుడు రాజమణి కూడా నెలల తరబడి మింగింది.

వర్షిత ముఖం చిన్నబోయింది. మంచం మీద అప్పటికే పడుకుని ఉన్న వైకుంఠం మాత్రం పెద్దగా నవ్వాడు. "పిజ్జాలు తింటే ఇట్లనే అయితది. ఏం గాదు, మా అక్క ఇంటికి పోయినంక బర్రెపాలు తాగి అదే చిక్కగైతది," అన్నాడు. వాడి చుక్క ఎప్పుడూ రాయిలా మునుగుతుంది, మా రక్తం ఇనుము అని వాడికి గొప్ప, కొందరు మగవాళ్ళకు ఆ జబ్బు లోపల దాక్కుని ఉన్నా కూడా చుక్క మునుగుతుందని డాక్టరమ్మ చెప్పిన మాట వాడు వినలేదు, ఎవరు చెప్పారు గనక. సిస్టర్ వాడి జబ్బకు పట్టీ బిగించింది. నరం ఉబ్బింది. రాజమణి అలవాటు ప్రకారం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది, అలవాటు ప్రకారమే ఆలోచించింది, ఈ బాటిల్ నిండనీ. పది నిమిషాలు. నిండాక చెబుదాం. జ్యూస్ తాగాక, ఇంటికి పోయాక, మరదలు లేనప్పుడు చూసి, పూలుపండ్లు ఒక వారం జరిపి, పోనీ పెళ్ళయ్యాక నిఖిలేష్‌కే చెబితే, కడుపుతో ఉన్నప్పుడు కూడా పరీక్షలుంటాయట. అక్కడిదాకా పోయి ఆగింది. ఎనిమిదేళ్ళుగా ఇదే లెక్క, ఈ బాటిల్ నిండనీ అని. ఎప్పుడూ ఇంకో బాటిల్ ఉంటుంది. ఆమెకు తన మీద తనకు రోత పుట్టింది, రోత కంటే ఎక్కువగా అలసట పుట్టింది, మోసి మోసి భుజం మీంచి బరువు దానంతటదే జారిపోయేటప్పటి అలసట.

"ఒక్క నిమిషం ఆగు సిస్టర్," అంది. సిస్టర్ సూది పట్టుకుని ఆగింది. "తమ్మీ, పిల్లకు చింటూ జబ్బు పరీక్ష చేయించాలె. మా నిఖిల్‌కు ఉన్నది, నా లెక్కనే, లోపల. దీనికి గూడ ఉంటె వాళ్ళ పిల్లలకు చింటూ లెక్క అయ్యేటట్టున్నది. తేలేదాంక శుక్రవారం పూలుపండ్లు వద్దు."

వైకుంఠం ముఖం మీద నవ్వు వెంటనే పోలేదు, దానికి కబురు అందలేదు. "వానికి ఉన్నదని ఎప్పుడు తెల్సింది?"

"ఎనిమిదేండ్లాయె. అప్పుడే మీ అందరికి గూడ చేయించుమన్నరు."

"ఎనిమిదేండ్లు." వాడు ఫ్యాన్ వైపు చూశాడు. "ప్రతిసారి ఈడ్నే నా పక్కకు కూసున్నవ్ గదక్కా."

"కూసున్న."

"మరి ఎందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు రావేమోనని."

ఇలా అంటుందని ఆమెకే తెలియదు, తెలిసి ఉంటే కాస్త మెత్తగా చెప్పేది. వైకుంఠం కనుబొమ్మల మీద పిండి అలాగే ఉంది, కింద కళ్ళు తడిశాయి, చిన్నప్పుడు కూడా దెబ్బ తగిలితే ఏడ్వడు, మాట పడితేనే ఏడుస్తాడు. లేస్తాడనుకుంది రాజమణి. లేవడానికి వీలుగా స్టూలు వెనక్కి లాక్కుంది, వాడి చెప్పులు మంచం కింద ఎటున్నాయో కూడా చూసింది. వర్షిత నాలుగడుగుల దూరంలో మాత్రల చీటీ పట్టుకుని నిలబడి ఉంది, అంతా విన్నది, ఆ పిల్ల వైపు చూడడానికి రాజమణికి ధైర్యం చాలలేదు.

వైకుంఠం గుప్పిట బిగించాడు. "తియ్యమ్మా," అన్నాడు సిస్టర్‌తో, "పిలగాడేం జేసిండు మధ్యల." సూది దిగింది. వాడు ముఖం అటు గోడకు తిప్పుకుని, "పిల్లను తీస్కపో. ఆ పరీక్షేదో ఇయ్యాల్నే చేయించు," అన్నాడు. "నాతోని మాత్రం మాట్లాడకు," అన్నాడు. అక్కా అనలేదు.

రాజమణి లేచింది. పరీక్షకు రక్తం ఎక్కడ తీస్తారో కనుక్కోవడానికి విమలాదేవి బల్ల వైపు నడిచింది. వర్షిత ఆమె చేయి పట్టుకోలేదు, చీటీ మడిచి పర్సులో పెట్టుకుని వెనకే వచ్చింది.